పువ్వులాంటి కిత్తలి!

కిత్తలి అనగానే పొలం గట్ల మీదా, రైలుకట్టల పక్కనా ముళ్లతో నిలబడే పెద్ద మొక్కే గుర్తొస్తుంది. నార తీసి తాళ్లు పేనేవారు కదా, అదే. దాన్ని తెచ్చి బాల్కనీలో పెట్టుకోవడమేంటీ అంటారా? అయితే ‘బ్లూ గ్లో’ని ఓసారి చూడండి. నీలం కలిసిన ఆకుపచ్చ ఆకులు, వాటి అంచున సన్నటి ఎర్రగీత. సాయంత్రపు ఎండ వెనక నుంచి పడిందంటే ఆ గీత నిప్పంటుకున్నట్లు మెరుస్తుంది!

మెక్సికోకు చెందిన రెండు కిత్తలి జాతుల్ని కలిపి చేసిన సంకరమిది. ముళ్లుండని మెత్తటి అటెన్యువాటా ఒకటి, సన్నటి గట్టి ఆకుల ఒకాహుయి మరొకటి. కాలిఫోర్నియాలోని కెల్లీ గ్రిఫిన్ దీన్ని రూపొందించారు. ఎత్తు అడుగున్నర, వెడల్పు రెండడుగులు... కాస్త అటూ ఇటూగా అంతే.

దీన్ని చంపేది ఎండ కాదు, మన ప్రేమే. నా మొదటి మొక్క అలాగే పోయింది. తులసికి పోసిన చేత్తోనే రోజూ దానికీ ఓ చెంబుడు పోసేదాన్ని. దానికి జులై ముసురు తోడైంది. ఆకులు నిగనిగలాడుతూనే ఉన్నాయి. ఓరోజు కుండీ జరుపుతూ పట్టుకుంటే మొవ్వు కాస్తా చేతిలోకి వచ్చేసింది. మొదలంతా కుళ్లిపోయింది.

రెండోసారి బుద్ధొచ్చింది. ఎర్రమట్టి, ముతక ఇసుక, చిన్న కంకర సమానంగా కలిపి, గుప్పెడు వర్మీకంపోస్టు వేసి, అడుగున రంధ్రమున్న మట్టికుండీలో నాటాను. వేలు రెండంగుళాలు గుచ్చి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు. ఎండాకాలంలో వారానికోసారి, చలికాలంలో రెండు మూడు వారాలకోసారి సరిపోతాయి. వానాకాలమంతా సన్‌షేడ్ కిందే. కుండీ కింద పళ్లెం పెట్టకండి.

రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి, లేకపోతే అంచురంగు వెలిసిపోతుంది. అలాగని నీడలో పెరిగినదాన్ని తేగానే మే నెల ఎండలో పెడితే ఆకులు మాడతాయి, ఆ మచ్చలు ఇక పోవు. మొదటి రెండు వారాలూ ఉదయపు ఎండ చాలు. కింది ఆకులు ఒకటీ అరా ఎండితే కంగారొద్దు. మొవ్వు మెత్తబడితేనే ప్రమాదం.

ఆకు కొన సూదిలా ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ల కంటి ఎత్తున పెట్టొద్దు, కొనల్ని నెయిల్‌కట్టర్‌తో తుంచేయొచ్చు. రసం తగిలితే దురద, తొడుగులు వేసుకోండి.

పక్కింటి పిన్నిగారు ‘ఓ పిలక ఇవ్వవే’ అని ఆర్నెల్లుగా అడుగుతున్నారు. ఇది పిలకలు పెట్టడం చాలా అరుదని చెప్తే నమ్మరు! పైగా ఏళ్లతరబడి పెరిగి ఒక్కసారే పూస్తుంది, పూశాక చచ్చిపోతుంది. నా మొక్కకిది నాలుగో ఏడు. పొద్దున్నే కాఫీ కప్పుతో వెళ్లి మొవ్వులోకి తొంగిచూస్తాను. పూకాడ కనిపించకపోతే... హమ్మయ్య!