నాటుట చాలదు, ఎరుగవలెను

తొలకరి వానలు పడినతోడనే మన పాఠశాలలలో మొక్కలు నాటు ఉత్సవములు జరుగుచుండును. 1950లో కన్నయ్యలాల్ మున్షీగారు వనమహోత్సవమును ప్రారంభించినది మొదలు ఈ యాచారము నిలిచియున్నది. సంతోషమే. ఎన్ని మొక్కలు నాటితిరని అధికారు లడుగుదురు. ఇన్ని యని ఉపాధ్యాయులు లెక్క వ్రాసి పంపుదురు. కాని, ఏ మొక్క నాటితిరి, అది ఏ నేలకు చెందినది, దాని నీడను మరియొక మొక్క బ్రదుకగలదా యని అడుగువారు అరుదు. పచ్చగా నున్నదెల్ల అడవియే యను భ్రమతో మన బాలబాలికలు పెరుగుచున్నారు. ఈ భ్రమను తొలగించుట నేటి విద్యకు విధియని మా యభిప్రాయము.

ఇట్టి భ్రమకు మన మెంత మూల్యము చెల్లించితిమో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. 1876లో చెన్నపురి రాజధానియందు ఉత్తర భాగపు అటవీశాఖ నేలుచుండిన బెడ్డోముదొర, మెట్టనేలలకు తగినదని తలచి, అమెరికా ఖండపు ముండ్లచెట్టు విత్తనములను తెప్పింపగోరెను. జమైకా ద్వీపమునుండి వచ్చిన యా విత్తనములు 1877లో కడప ప్రాంతమున నాటబడెను. నేడు మన చెరువుగర్భములను, పశువుల బీళ్లను, వాగుగట్లను కప్పివేసిన సర్కారు తుమ్మ అదియే. దాని కాయలను మేకలును పశువులును తిని, విత్తనములను పేడతో ఊరూర చల్లును. నరికిన మోటినుండి మరల పది కొమ్మలు లేచును.

బెడ్డోముదొర అజ్ఞాని కాడు. దక్షిణదేశపు వృక్షములనుగూర్చి ఉద్గ్రంథములు వ్రాసిన పండితుడు. తిరుమల, కడప కొండలయందు తప్ప మరెచ్చటను సహజముగ పెరుగని, ఈతచెట్టును బోలిన యొక సైకస్ జాతికి శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టిరి. అట్టివాడే ముందు రాబోవు కీడును కనలేకపోయినపుడు, ఏమియు నెరుగక చేతికి దొరికిన మొక్కనెల్ల నాటుట యెంత సాహసము!

సర్కారు తుమ్మ ప్రయోజనముకొరకు వచ్చెను. లాంటానా అందముకొరకు వచ్చెను. పందొమ్మిదవ శతాబ్ది యారంభమున తోటల యలంకారమునకై తెచ్చిన యీ మొక్కకు, రంగురంగుల పూలగుత్తులను చూచి మనవారు తలంబ్రాల చెట్టని ముద్దుపేరు పెట్టిరి. పక్షులు పండ్లు తిని దానిని అడవులకు చేర్చినవి. మనదేశమున పులులు సంచరించు అడవులలో నూటికి 40 వంతులకు పైగా దీని పాలబడినట్లు 2020లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. దాని పొదక్రింద వెలుతురు సోకదు. గడ్డి మొలవదు, మద్ది, ఏగిస, మోదుగ మొలకలు తలయెత్తజాలవు. ఆకు విషము గనుక పశువు దానిని మేయదు. గడ్డి తగ్గిన జింకలు తగ్గును. జింకలు తగ్గిన పులికి ఆహార ముండదు. వేసవిలో ఎండిన పొదలు కార్చిచ్చును నేలనుండి కొమ్మలకెక్కించును. పెద్దచెట్లు నిలిచియున్నవి కదా యని మనము తృప్తిపడుదుము. కాని వాని పిల్లమొక్కలు నేలపై కానరానిచో ఆ యడవి యొక్కతరముతో ముగియును.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. పరదేశమునుండి వచ్చినదెల్ల చెడ్డదని పిల్లలకు నేర్పరాదు. ఆంధ్రుల యూరగాయకు ప్రాణమైన మిరప అమెరికానుండి వచ్చినదే. వేరుసెనగయు, మొక్కజొన్నయు నచ్చటివే. అవి రైతు చేతిక్రింద నణగియున్నవిగాని అడవిని మ్రింగలేదు. కావున మొక్క పుట్టుకను కాక నడవడిని చూడవలెను. సర్కారు తుమ్మ పేదలకు వంటచెరకును, బొగ్గును ఇచ్చుచున్న మాటయు దాచరాదు. దానిని తీసివేయదలచినవారు ఆ పేదల పొయ్యి ఎట్లు వెలుగునో ముందుగా ఆలోచింపవలెను. ఈ రెండు వైపులను తూచి చూచుటయే విద్య. ద్వేషము నేర్పుట విద్య కాదు.

పర్యావరణమును పాఠశాలలలో తప్పక బోధింపవలెనని సుప్రీంకోర్టువారు 1991లోనే ఆదేశించిరి. జాతీయ హరితదళము పేర పాఠశాలలలో సంఘములును వెలసినవి. అయినను చాలచోట్ల ఈ విద్య నిర్వచనములను వల్లించుటతో ముగియుచున్నది. దీనికి గొప్ప ధనము కావలయునా? ఒక త్రాడు, నాలుగు మేకులు, ఒక పుస్తకము చాలును. అడవియంచున లాంటానా క్రింద పది యడుగుల చదరమొకటి, అది లేనిచోట మరియొకటి గీచి, రెంటిలో నున్న మొక్కలను పిల్లలచేత లెక్కింపుడు. ఏటేట నీ లెక్కను వ్రాయింపుడు. నల్లమల యంచులనున్న పాఠశాలలు చెంచు పెద్దలను పిలిచి, ఒక్కొక మొక్క పేరును, ఉపయోగమును వారినోట వినిపింపవలెను. పట్టణపు పిల్లలకును పాఠము దూరము కాదు: దారిప్రక్కన వయ్యారిభామ, చెరువులో గుర్రపుడెక్క వారికొరకు సిద్ధముగనే యున్నవి.

అయితే పిల్లలచేత వట్టిచేతులతో వయ్యారిభామను పీకించు అవివేకము కూడదు. అది చర్మవ్యాధులను, ఉబ్బసమును కలిగించును. గుర్తించుట పిల్లల పని. పూతకు ముందే తొలగించుట, తగిన జాగ్రత్తతో, పెద్దల పని. లాంటానాను పైపైన నరికిన ప్రయోజనము లేదు. మొదటి వేరును నేలలోపల కోసి, మొక్కను తలక్రిందులు చేసి యుంచవలెనని ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్య సి. ఆర్. బాబుగారు చూపిరి. తొలగించినచోట స్థానికమైన గడ్డియు, మొక్కలును పెంచనిచో అది తిరిగి వచ్చును. ఇది యొకనాటి ఉత్సవముతో తీరు పని కాదు.

పరీక్షల బరువుచే పాఠశాలలకు తీరిక లేదని కొందరందురు. వారమునకొక గంట తీరిక లేని చదువు ఎవరి కొరకు? అటవీశాఖవారు ప్రతి మండలమునకు తగిన స్థానిక వృక్షముల పట్టికను తెలుగున ముద్రించి బడులకు పంపవలెను. పట్టికలో లేని మొక్కను బడి యావరణలో నాటరాదు. నాటిన వానిలో మూడేండ్లకు ఎన్ని బ్రదికెనో ఆ లెక్కను అధికారులు అడుగవలెను. మన గ్రంథాలయములును, పఠనమందిరములును ఆ పట్టికను గోడకు వ్రేలాడదీయవలెను.

దేశమును ప్రేమింపుమని పిల్లలకు చెప్పుచున్నాము. తన యూరి కొండమీద మొలచు పది మొక్కల పేర్లెరుగని ప్రేమ యెట్టిది? ఈ తొలకరికి మొక్క నాటు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ముందుగా దాని పేరును, పుట్టినచోటును అడుగుదురు గాక! వారికి బదులు చెప్పగల యుపాధ్యాయులను సిద్ధపరచుట మన పెద్దల విధి.