వరస మార్చకండి

క్యాసెట్ల రోజుల్లో కొట్టుకు వెళ్లి ఘంటసాల పాటలు కావాలంటే కొట్టువాడు అయిదారు రకాలు బల్ల మీద పరిచేవాడు. నేను కొన్నదాంట్లో ఒక భక్తి పాట, దాని వెనకే తాగుబోతు పాట, ఆ వెంటనే పద్యం. ఏది ఏ ఏటిదో అట్ట మీద ఉండేది కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. పాట బాగుంటే చాలు, సంవత్సరంతో మనకేం పని అనుకునేవాణ్ణి. ఆ అభిప్రాయం అమెరికా గాయని నీనా సిమోన్ దగ్గర మార్చుకోవాల్సి వచ్చింది.

ఆమె పాటల పెట్టె ‘టు బి ఫ్రీ’ 2008లో వచ్చింది. మూడు సీడీలు, ఒక డీవీడీ. 1957 నుంచి 1993 దాకా వరసగా, అంటే ఇరవై నాలుగేళ్ల పిల్ల గొంతు నుంచి అరవై ఏళ్ల మనిషి గొంతు దాకా. ఆమె పనిచేసిన కంపెనీలు చాలా ఉన్నాయి. బెత్లెహెం, కోల్పిక్స్, ఫిలిప్స్, ఆర్‌సీఏ, ఆ తరవాత సీటీఐ, ఎలెక్ట్రా. ఒక్కో ముక్క ఒక్కొక్కరి గోదాములో ఉండటంతో, ఎవరి దగ్గరున్న ముక్కను వాళ్లు ‘నీనా హిట్స్’ అని అమ్ముకున్నారు. పంపకాలైన ఇంట్లో పాత సామాను లాగా అయింది ఆమె సంగీతం. అదంతా ఒక్కచోటికి చేర్చడమే పెద్ద పని.

జాజ్, సోల్ గాయని అంటూ ఆమెకు తగిలించే చీటీ ఒకటుంది. అది ఆమెకు నచ్చేది కాదు. జాజ్ అనేది తెల్లవాళ్లు పెట్టిన పేరు, నాది నల్లవాళ్ల శాస్త్రీయ సంగీతం అనేది. బడాయి కాదది. నార్త్ కరొలినాలోని ట్రయన్ అనే చిన్న ఊళ్లో 1933లో పుట్టింది. అసలు పేరు యూనిస్ వేమన్. మన వేమనకు చుట్టం కాదు గానీ, మొహమాటం లేకుండా ముఖం మీదే అనేయడంలో ఇద్దరిదీ ఒకటే గోత్రం. ఎనిమిది మంది పిల్లల్లో ఆరోది. పియానో పంతులమ్మ జర్మన్ శాస్త్రీయ సంగీతకర్త బాఖ్‌ను నేర్పింది. చిన్నతనంలో ఊరి లైబ్రరీలో మొదటి కచేరీకి కూర్చుంటే, ముందు వరసలో ఉన్న అమ్మానాన్నలను లేపి వెనక్కి పంపారు, తెల్లవాళ్లకు చోటు కావాలని. వాళ్లను తిరిగి ముందుకు తెచ్చేదాకా వాయించనంది.

ఫిలడెల్ఫియాలోని సంగీత విద్యాలయం కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ ఆమెను చేర్చుకోలేదు. రంగే కారణమని ఆమె చివరిదాకా నమ్మింది. పొట్టకూటికి 1954లో అట్లాంటిక్ సిటీలో ఒక బార్లో పియానో వాయించడానికి కుదిరి, అక్కడ కూర్చుని పాలు తెప్పించుకు తాగేది. ఉత్త పియానో కుదరదు, పాడితేనే పని అన్నాడు యజమాని. మతబోధకురాలైన తల్లికి తెలిస్తే గొడవని పేరు మార్చుకుంది. లోకం నెత్తిన పెట్టుకున్న ఆ గొంతు, అలా ఉద్యోగం నిలుపుకోవడానికి బయటికొచ్చిన గొంతు.

అందుకే ఆమెను వినేటప్పుడు చేతుల మీద చెవి పెట్టాలంటాను. తొలి ఆల్బమ్‌లోని ‘లవ్ మీ ఆర్ లీవ్ మీ’ వినండి. పాట మధ్యలో గొంతు తప్పుకుంటుంది. కుడిచెయ్యి ఒక మాట అంటే ఎడమచెయ్యి దాన్ని అందుకుని తరుముతుంది, రెండూ అల్లుకుంటూ పోతాయి. అచ్చం బాఖ్. బార్లో గ్లాసుల చప్పుడు మధ్య కర్టిస్‌కు చెప్పిన జవాబులా వినిపిస్తుంది నాకు. ఆ ఆల్బమ్ హక్కులను మూడు వేల డాలర్లకు రాసిచ్చేసింది. అందులోని ‘మై బేబీ జస్ట్ కేర్స్ ఫర్ మీ’ 1987లో ఒక సెంటు ప్రకటనలో వినపడి బ్రిటన్‌లో అయిదో స్థానానికి ఎక్కింది. అప్పటికి పాడి ముప్ఫై ఏళ్లు. ఆ ఒక్క పాటతో ఆమెను ఎరిగినవాళ్లకు నీనా అంటే సరదా మనిషి. వరస తప్పితే జరిగేది ఇదే.

వరసలో వింటే 1964 దగ్గర ఉలిక్కిపడతాం. అంతకుముందు ఏడాది జూన్‌లో మిసిసిపీలో నల్లవాళ్ల హక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను కాల్చి చంపారు. సెప్టెంబరులో బర్మింగ్‌హాం చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు పోయారు. ఆ కోపంలో పుట్టింది ‘మిసిసిపీ గాడ్‌డామ్’. కార్నెగీ హాల్ రికార్డింగులో పాట పేరు చెప్పగానే జనం నవ్వుతారు. బాణీ కూడా నాటకాల పాటలాగా గంతులేస్తుంటుంది. మధ్యలో, వేళాకోళమనుకున్నారు కదూ అన్నట్టు చురక వేస్తుంది. అక్కణ్ణుంచి హాల్లో నవ్వు పలచబడుతుంది. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఆ రికార్డు మళ్లీ మళ్లీ పెడతాను. దక్షిణాది నుంచి ఒక పెట్టెడు రికార్డులు నిలువునా విరిచి వెనక్కి పంపారు. మరో నాలుగేళ్లకు మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన మూడో రోజున న్యూయార్క్ దగ్గరి వెస్ట్‌బరీలో, తన బేస్ వాద్యకారుడు జీన్ టేలర్ అప్పటికప్పుడు రాసిన పాట పాడింది. అక్కడ కోపం లేదు, గొంతు అలిసిపోయింది. ఈ రెంటినీ తారుమారు చేసి వింటే రెండూ మంచి పాటలే. వరసలో వింటే ఒక దేశం నాలుగేళ్లలో ఏమైపోయిందో తెలుస్తుంది.

ఆ తరవాత దేశం వదిలేసింది. బార్బడోస్, లైబీరియా, స్విట్జర్లాండ్, చివరికి ఫ్రాన్స్. 1974కీ 1978కీ మధ్య కొత్త స్టూడియో ఆల్బమే లేదు. ఏ సంకలనమూ ఆ ఖాళీని పూడ్చలేదు, పూడ్చనక్కర్లేదు కూడా. 1993 నాటి చివరి ఆల్బమ్‌లో తీగల వాద్యాలు మరీ ఎక్కువయ్యాయని నా ఫిర్యాదు. ఆ గొంతుకు అంత పట్టుపరుపు అవసరం లేదు. బొంగురుపోయినా సరే, ఆమె పియానో ఒక్కటీ చాలేది.

2003 ఏప్రిల్ 21న ఫ్రాన్స్‌లో పోయింది. అంతకు రెండు రోజుల ముందు కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ ఆమెకు గౌరవ పట్టా ప్రకటించింది.

ఈ పాటలు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. వింటే, పాటలను కలగాపులగం చేసే ఆ షఫుల్ బొత్తాం మాత్రం నొక్కకండి. ఒక్క సాయంత్రం చాలకపోతే మూడు చేసుకోండి.