ఒంటె దాటిన పక్కటెముక

హదీసు పాఠంలో సీఫుల్ బహ్ర్ ప్రయాణ ఘట్టం వచ్చినప్పుడు వెనుక వరుస విద్యార్థులు కూడా తల ఎత్తి వింటారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో మూడు వందల మంది సహాబీలు సముద్ర తీరానికి వెళ్ళారు. వెంట తీసుకువెళ్ళిన ఖర్జూరాలు తరిగిపోయి, చివరికి మనిషికి రోజుకొక్క పండు మిగిలింది. దానిని పసిపిల్లల్లా చప్పరించి నీళ్ళు తాగేవారు. కర్రలతో ఆకులు రాల్చి తినేవారు. అటువంటి స్థితిలో సముద్రం ఒక మహా జీవిని ఒడ్డున పడవేసింది. అరబ్బులు దానిని ‘అంబర్’ అంటారు. దాని కంటి గుంటలో నుండి కడవలతో కొవ్వు తోడారనీ, ఆ గుంటలో పదముగ్గురు కూర్చున్నారనీ హజ్రత్ జాబిర్ (రజి) చెప్పారు. తరువాత అబూ ఉబైదా (రజి) దాని పక్కటెముకను నిలబెట్టించి, దాని కింద నుండి ఒంటెను నడిపించారు. ఒంటె తగలకుండా దాటింది.

మాది సముద్రం కనిపించని ఊరు. మాకవరపాలెం పిల్లలకు చెరువు తెలుసు, ఏరు తెలుసు. “హజ్రత్, అంత ఎముక నిజంగా ఉంటుందా?” అని అడుగుతారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన గీత ఆ ప్రశ్నకు జవాబు కాదు.

ఆ జవాబు మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. 1851లో నెలకొల్పిన ఆ మ్యూజియం మన జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలపు ఆస్తి. దానికి తొలి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే వైద్యుడు. పారశీకం, హిందుస్తానీ ఎరిగిన ఆయనే మద్రాసు ముస్లింల కోసం ఒక గ్రంథాలయం ఏర్పాటుకు కూడా పూనుకున్నారు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. అక్కడి జంతుశాస్త్ర విభాగంలో ఒక పెద్ద తిమింగలం అస్థిపంజరం ఉంది. దాని పక్కన నిలబడినప్పుడు ఆ హదీసును మేము మొదటిసారి కళ్ళతో చదివినట్లయింది.

తిమింగలం ఎముకలను ఊరికే చూసి వచ్చేయకూడదు. ఈదే రెక్క లోపల మన చేతిలో ఉన్నట్లే భుజపుటెముక, ముంజేతి ఎముకలు, వేళ్ళ ఎముకలు ఉంటాయి. మెడలో ఏడు ఎముకలు ఉంటాయి. మనిషికీ ఏడే, జిరాఫీకీ ఏడే. కాళ్ళు లేని ఆ శరీరంలో వెన్నెముకకు అతుక్కోకుండా రెండు చిన్న కటి ఎముకలు కూడా ఉంటాయి. చేప తోక పక్కలకు ఊగితే, తిమింగలం తోక పైకీ కిందికీ ఊగుతుంది. అది ఊపిరితిత్తులతో గాలి పీల్చి, బిడ్డను కని, పాలిచ్చే జీవి.

మరి చేపేనా? మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్‌హ్‌లో సముద్ర జీవులలో చేప మాత్రమే హలాల్ కనుక ఈ ప్రశ్న మద్రసాలో తప్పక వస్తుంది. హదీసు దానిని చేప అన్నది, అరబ్బుల వాడుకే ప్రమాణమని కొందరు ఉలమా అన్నారు. శరీర నిర్మాణం చూసి కొందరు వెనుకాడారు. మన దేశంలో చట్టం దానిని ముట్టనివ్వదు కనుక వంటింటి వరకు ఈ చర్చ రాదు. అయినా ఎముకను చూసిన విద్యార్థి ఈ చర్చను అర్థం చేసుకునే తీరు వేరు, చూడనివాడి తీరు వేరు.

ఎగ్మూరు వరకు ఎందరు పిల్లలను తీసుకుపోగలం? మన తీరానికి ఇటువంటి జీవులు రాక కాదు. 2021 డిసెంబరులో తంతడి తీరంలో చిక్కుకున్న మహా జీవిని అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. అల్‌హందులిల్లాహ్, అది బతికింది. అయితే అది తిమింగల సొర. పేరులో తిమింగలం ఉన్నా నిజమైన చేప. సొరలకు ఎముకలుండవు, మృదులాస్థే ఉంటుంది. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి దాదాపు 25 అడుగుల తిమింగలం కళేబరం కొట్టుకువచ్చింది. జనం విరగబడి చూశారు. ఫోటోలు ఫోన్లలో తిరిగాయి. వారం తరువాత ఎవరికీ గుర్తులేదు.

ఇటువంటి కళేబరాలను సాధారణంగా ఇసుకలో పూడ్చేస్తారు. పూడ్చడం సరైన పనే. దుర్వాసన, రోగభయం ఉంటాయి. కానీ పూడ్చడమే అస్థిపంజరం తయారీలో మొదటి మెట్టు కూడా. మాంసం మట్టిలో కలిసిన తరువాత తవ్వి తీసి, కడిగి, నూనె పోగొడతారు. ఆ నూనె అంత సులువుగా పోదు. అమెరికాలోని న్యూబెడ్‌ఫర్డ్ మ్యూజియంలో 1998లో చనిపోయిన నీలి తిమింగలం ఎముకల నుండి ఏళ్ళ తరబడి నూనె కారుతూనే ఉంది. కడవలతో కొవ్వు తోడారన్న మాట అతిశయోక్తి అనుకునేవారు దానిని చూడాలి.

దీనికి పెద్ద భవనం అక్కరలేదు. అర్జెంటీనా దక్షిణపు కొసన, హార్బర్‌టన్ అనే మారుమూల పశువుల క్షేత్రంలో అకాతుషూన్ అనే చిన్న మ్యూజియం ఉంది. నటాలీ గుడాల్ అనే మహిళ దశాబ్దాల పాటు ఆ చలి తీరాల వెంట నడిచి, ఒడ్డుకు కొట్టుకువచ్చిన తిమింగలాల, డాల్ఫిన్ల, సీళ్ళ ఎముకలు ఏరి, 2001లో దానిని నెలకొల్పారు. మొదట్లో ఆమె పని మొక్కలతో, చిత్రలేఖనంతో. ఒక ఇల్లాలు అక్కడ చేయగలిగిన పనిని ఇంత తీరం, ఇన్ని విద్యాలయాలు ఉన్న మనం చేయలేమా? పూడిమడక వంటి తీర గ్రామంలో రెండు గదులు చాలు.

ఒక హెచ్చరిక. ఎవరికి వారు ఎముకలు తెచ్చుకోవడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి గట్టి రక్షణ ఇచ్చింది. ఏదైనా అటవీ శాఖ అనుమతితోనే జరగాలి. అత్తరు ప్రియులకు ఇంకొక మాట. స్పెర్మ్ తిమింగలం పేగులలో తయారయ్యే అంబర్‌ను సముద్రం విసిరేసిన వస్తువుగా హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) పరిగణించారని కితాబులలో చదివాము. ఆ కారణం చూపి ‘అసలు అంబర్’ అమ్మజూపేవారు ఉన్నారు. మన దేశంలో దానిని కొన్నా, అమ్మినా జైలే. మన యువకులను దానికి దూరంగా ఉంచండి.

ఇక మేము కోరేది చిన్నది. ఈసారి మన తీరంలో తిమింగలాన్ని పూడ్చేటప్పుడు అధికారులు కొలతలు రాసుకుని, అలలు అందని చోట గొయ్యి తీయించి, అక్కడ గుర్తుగా ఒక రాయి పాతించాలి. తవ్వేనాటికి మోయడానికి మా విద్యార్థులు వస్తారు.