గండికోటను పిల్లలకు చూపించండి

భూమిపై సంచరించి, గతించిన వారి పర్యవసానాన్ని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల ప్రబోధిస్తున్నది. అందుకు దూరదేశాలకే వెళ్లనవసరం లేదు. కడప జిల్లా కుటుంబాలకు ఆ అవకాశం ఒక్క పూట ప్రయాణంలోనే ఉన్నది.

నది కొండను కోసుకొని పారిన చోటును గండి అంటారు. పులివెందుల ప్రాంతంలో పాపఘ్ని నది అలా కొండల నడుమ దారి చేసుకున్న చోటు గండి క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. జమ్మలమడుగుకు దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో పెన్నా నది ఎర్రమల కొండలను చీల్చిన చోటు మరొక గండి. దాని అంచున వెలసినందువల్లనే ఆ దుర్గం గండికోట అయింది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఎర్రని రాతిపొరలు, వాటి అడుగున నిదానంగా పారే నీరు చూసినప్పుడు సృష్టికర్త శక్తి ముందు మనిషి ఎంతటివాడో బోధపడుతుంది.

అయితే వచ్చినవారిలో చాలామంది ఆ లోయను చూసి, ఫొటోలు తీసుకొని తిరిగిపోతారు. కోటలోని కట్టడాలకు కూడా కనీసం రెండు గంటలు కేటాయించండి. విజయనగర శైలిలో ఎత్తయిన గోపురంతో మాధవరాయ ఆలయం, లోయకు చేరువలో రంగనాథాలయం, కమాను పైకప్పుతో విశాలమైన ధాన్యాగారం, కారాగారం, కోనేరు అక్కడ ఉన్నాయి. వాటి మధ్యనే జామియా మసీదు ఉన్నది. విశాలమైన ప్రాంగణం, చుట్టూ కమానుల వరుసలు, రెండు మీనార్లు. నేడు అందులో జమాత్ లేదు. ఆలయంలోనూ నిత్యపూజలు లేవు. రాజ్యాలు పోయాయి, రాళ్లు మిగిలాయి.

ఈ కోట చాలాకాలం పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉండేది. 1650లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా వజీరైన మీర్ జుమ్లా దీనిని వశపరచుకున్నాడు. ఇరాన్‌లో ఒక నూనె వ్యాపారి ఇంట పుట్టి, వజ్రాల వర్తకంతో ఎదిగి, వజీరు పదవిని అందుకున్న వ్యక్తి ఆయన. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఆయనను కలుసుకోవడానికి గండికోటకు వచ్చి, కన్నవీ విన్నవీ గ్రంథస్థం చేశాడు. మీర్ జుమ్లా తన కాలివేళ్ల నడుమ, ఎడమచేతి వేళ్ల నడుమ ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి ఇద్దరు లేఖకుల చేత జవాబులు రాయించేవాడట. రాసినవాటిని చదివించుకొని, తానే స్వయంగా ముద్ర వేసేవాడట. పనిలో అంతటి శ్రద్ధ!

అదే టావెర్నియే మరొక విషయమూ రాశాడు. ఫిరంగులు పోతపోయించడానికి మీర్ జుమ్లా ఆలయాల నుంచి రాగి విగ్రహాలను తెప్పించి, కరిగించే పనికి ఒక ఫ్రెంచివాణ్ని నియమించాడని.

మొదటి విషయాన్ని పిల్లలకు ఉత్సాహంగా చెప్పి, రెండవదాన్ని దాచిపెట్టడం మనకు తగదు. మన ఇంట్లో దాచినంత మాత్రాన ఆ సంగతి మరుగున పడదు. రేపు బడిలోనో, వీధిలోనో, వక్రీకరించిన రూపంలోనో మన బిడ్డ చెవిన పడుతుంది. అప్పుడు వాడు సిగ్గుతో తలవంచుకుంటాడు, లేదా మొండిగా వాదిస్తాడు. రెండూ మంచివి కావు. గతించిన తరాల చేతలకు వారే జవాబుదారులని, వాటిని గురించి మనల్ని ప్రశ్నించడం జరగదని బఖరా సూరా బోధిస్తున్నది. ఇతరులు ఆరాధించేవాటిని దూషించరాదని అన్ఆమ్ సూరా ఆదేశిస్తున్నది. ఒక వజీరు యుద్ధావసరం కోసం చేసిన పనిని ఈ ఆదేశాలతో తూచి చూడడం బిడ్డకు నేర్పాలి. వజీరు పేరు మనవారి పేరులా వినిపించినంత మాత్రాన ఆయన చేసిన ప్రతి పనినీ సమర్థించవలసిన బాధ్యత మనపై లేదు. ఆయన చేసిన దానికి నేటి ముస్లిం బాలుడు దోషీ కాడు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పినప్పుడే చరిత్ర వాడికి బరువు కాక, తెలివి అవుతుంది.

ఇక మన చేతల సంగతి. చారిత్రక కట్టడాల గోడలపై పేర్లు గీకడం, బొగ్గుతో ప్రేమరాతలు రాయడం ఎన్నో చోట్ల చూస్తున్నాం. మసీదు గోడను గౌరవించి ఆలయ స్తంభాన్ని గీకినవాడు మర్యాద ఎరిగినవాడు కాడు. రెండింటికీ ఒకే మర్యాద పాటించమని లోపలికి వెళ్లకముందే పిల్లలకు చెప్పండి. తెచ్చుకున్న భోజనపు పొట్లాలను, సీసాలను తిరిగి మీతోనే తీసుకువెళ్లండి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువైన కాలం. వేసవి ఎండకు ఆ రాళ్లు నిప్పుల్లా కాలుతాయి. నీళ్లు వెంట ఉంచుకోండి. లోయ లోతు సుమారు 300 అడుగులు, అంచున కంచె లేని చోట్లు ఉన్నాయి. పిల్లల చేయి వదలకండి, సెల్ఫీల కోసం రాళ్ల చివరకు వెళ్లనీయకండి. ప్రయాణాన్ని నమాజు వేళలకు అనుగుణంగా ముందే నిర్ణయించుకోండి. తీరిక ఉంటే మరునాడు బెలుం గుహలు చూడవచ్చు. 3 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలను నేల అడుగున నీరే తొలిచింది.

తిరుగు ప్రయాణంలో పిల్లలను ఒక ప్రశ్న అడగండి: ఆ కోటలో ఏలినవారు పోయాక ఏం మిగిలింది? వారు చెప్పే జవాబును ఓపికగా వినండి. ఆ సంభాషణే ఈ ప్రయాణపు అసలు ఫలం.