పులి కనిపించకపోతే ఏం?

శ్రీశైలం బస్సు ఎక్కని పాలమూరు పిల్లవాడు ఉంటాడా? శివరాత్రికో, మొక్కు తీర్చుకోవడానికో అమ్మానాయినల వెంట ఒక్కసారైనా పోయే ఉంటాడు. మన్ననూరు దాటింది మొదలు దోమలపెంట వచ్చేదాకా ఆ బస్సు పోయేది నల్లమల అడవిలోనే. ఆ పిల్లవాణ్ణి "అడవి చూసినవా?" అని అడగండి. "కోతులను చూసిన" అంటాడు. కిటికీలోంచి కోతులకు బిస్కెట్లు, అరటిపండ్లు విసరడమే మనవాళ్ళకు తెలిసిన అటవీ సందర్శనం. ఆ పుణ్యకార్యం వల్ల కోతులు అడవి పండ్లు మరిచి రోడ్డెక్కి, బండ్ల కింద పడుతున్నాయన్న సంగతి ఎవరికి పట్టింది?

మన ఇంటి పక్కనున్న ఈ అడవిని మన చిన్నపిల్లలకు చూపించాలి అన్నది నా అభిప్రాయం. కానీ ఇప్పుడు చూపిస్తున్న పద్ధతిలో కాదు.

1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంగా ప్రకటించిన అడవిలో కృష్ణకు ఇవతలి భాగమే, రాష్ట్రం వేరుపడ్డాక 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. 2016లో జిల్లాలు విడగొట్టాక ఇది చాలావరకు నాగర్‌కర్నూల్ కిందికి పోయింది గానీ, మనకు మాత్రం పాలమూరు అడవే. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అంత అడవిలో పులులు కొద్ది పదులు. అవి తిరిగేది ఎక్కువగా పొద్దుగూకినంక. మరి పొద్దున పది గంటలకు జీపెక్కించి, "పులి కనబడుతది, చూడండి" అని పిల్లలకు ఆశ పెట్టడం ఏమి న్యాయం?

పోయిన చలికాలం మా అక్క పిల్లలిద్దరినీ నేనే తీసుకుపోయాను. బాబుకు ఏడేండ్లు, పాపకు అయిదు. ఫరహాబాద్ వైపు సఫారీ బండిలో పోతుంటే మా వెనక సీట్లో ఒక పెద్దమనిషి తన మనవడికి అడుగడుగునా పులి వాగ్దానం చేస్తూనే ఉన్నాడు. అరగంటకు ఆ పిల్లవాడు ఏడుపందుకున్నాడు. అంతలో దుప్పుల మంద రోడ్డు దాటింది. అతను తలెత్తి కూడా చూడలేదు. ఆయన ఆ పిల్లవాడి కళ్ళకు పులి గంతలు కట్టాడనిపించింది నాకు. మా బాబు కూడా "మామా, పులి యాడుంది?" అని అడగకపోలేదు. "అది నిద్రపోతుందిరా, మనం దాని ఇల్లు చూసి పోదాం" అన్నాను. వాడికి ఆ మాట సరిపోయింది.

అసలు సంగతి బండి దిగి, అటవీ శాఖ అనుమతించిన బాటలో నడిచినప్పుడే తెలిసింది. మా వెంట వచ్చిన గైడు చెంచు యువకుడు. "సప్పుడు చేయకుండ్రి బిడ్డా" అని ఒక్కసారే చెప్పాడు, ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. (మా అక్క నూరుసార్లు చెప్పినా వినని ఘనులు వీళ్ళు!) ఎలుగుబంటి చెదపురుగుల కోసం తవ్విన పుట్టను చూపించాడు. మట్టిలో దుప్పి గిట్టల గుర్తు పక్కన పాప చేత చేయి పెట్టించాడు. చెట్టు మీద కొండముచ్చులు ఆకులు తుంచి సగం తిని సగం కింద పడేస్తున్నాయి, కింద దుప్పులు ఏరుకుంటున్నాయి. "కోతి జింకకు బువ్వ పెడుతుందా?" అని పాప ప్రశ్న. పెడుతుంది, కావాలని కాదు. పైనున్న కొండముచ్చు చిరుతను ముందు చూసి అరుస్తుంది, కింద దుప్పి ఆ అరుపు విని తప్పించుకుంటుంది. జీవుల పరస్పర సంబంధాలని మేము పుస్తకంలో వల్లె వేసింది, అయిదేండ్ల పిల్ల చెట్టు కింద నిలబడి పది నిమిషాల్లో అర్థం చేసుకుంది. తర్వాత వారం రోజులు ఇంట్లో కొండముచ్చు అరుపులే.

చిన్నపిల్లలకు చిన్న జీవాల కథలే దగ్గర. హైదరాబాదు జూపార్కులో పెంచిన మూషిక జింకలను 2017 నుంచి ఇదే అడవిలో వదిలారు. రెండు మూడు కిలోల బరువుండే ఈ జింకకు కొమ్ములుండవు, పగలు పొదల్లో దాక్కుంటుంది. మాకూ కనిపించలేదు. అయినా మా బాబు ప్రతి పొదా వంగి చూశాడు. పులి కనబడలేదన్న బాధ ఎటు పోయిందో!

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మాది అడవి ఒడ్డు సేద్యం. పల్లి చేను కాయ పట్టే వేళ మా నాయిన మంచె మీద డబ్బా కొడుతూ రాత్రంతా అడవి పందులను తోలుతాడు. మా ఊరి పిల్లలకు అడవి అంటే చేను తినిపోయే శత్రువు. కరెంటు తీగలు పెట్టే రైతులున్నారు, ఆ తీగలకు పందే కాదు, ఏ జీవమైనా, మనిషైనా పడవచ్చు. పందిని తినేది పులి, రేచుకుక్క అని ఆ పిల్లలకు చెప్పేవారెవరు? పట్నం పిల్లలకంటే ముందు అడవిని చూడవలసింది వాళ్ళే.

2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు "నల్లమలను కాపాడండి" అని ఊరూరా అన్నారు. ఆ సెప్టెంబరులో శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానించింది. మంచిదే. అయితే అలా అన్నవాళ్ళలో ఎందరు ఆ అడవిలో ఒక గంట నడిచారు? రేపు మళ్ళీ అలాంటి మాట వస్తే నిలబడవలసినవాళ్ళు ఇప్పుడు ఒకటో తరగతిలో ఉన్నారు. అక్కడ పెంటల్లో చెంచులుంటారనీ, వాళ్ళకూ పిల్లలున్నారనీ, కొన్ని ఊళ్ళను కుటుంబానికి 15 లక్షల పరిహారం లెక్కన బయటికి తరలించే ప్రయత్నాలున్నాయనీ కూడా వాళ్ళకు తెలియాలి. తరలింపు మంచిదా చెడ్డదా అన్నది ఇంకో వ్యాసం. మాకు దారి చూపిన చెంచు అన్నను మా బాబు "నువ్వు ఇక్కడే ఉంటవా, ఎప్పటికీ?" అని అడిగాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

కనుక మన విద్యార్థి సంఘానికి నా ప్రతిపాదన ఇది. ఏటా మన విహారయాత్రకయ్యే ఖర్చులో కొంత తీసి, అడవి అంచు ఊళ్ళ ప్రాథమిక పాఠశాలల నుంచి ఇరవై మంది పిల్లలను ఒక రోజు తీసుకుపోదాం. వానాకాలంలో సఫారీ ఉండదు, కాబట్టి నవంబరు, డిసెంబరు అనుకూలం. నలుగురు పిల్లలకు ఒక విద్యార్థి. వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర అధ్యాపకులు దయచేసి వెంట రావాలి, మైకు మాత్రం తేవద్దు. ప్లాస్టిక్ పొట్లాలు లేకుండా తిండి స్టీలు డబ్బాల్లో పెట్టుకుందాం. పల్లీలు మా ఇంటి నుంచి నేను తెస్తాను, పందులు మిగిల్చినన్ని.