వ్యర్థం సంగతి ముందు తేల్చండి

నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు గుట్టల కింద యురేనియం ఉందని కేంద్రానికి ఎప్పుడో తెలుసు. తవ్వగా మిగిలిన మట్టిని ఎక్కడ పోస్తారు, ఎన్నాళ్లు కాస్తారు అని అక్కడి జనం అడిగిన ప్రశ్నకు మాత్రం ఇరవై ఏళ్లు దాటినా జవాబు లేదు. ఇప్పుడు అడిగే చోటు కూడా లేకుండా చేశారు. అణు ఖనిజాల తవ్వకానికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంటూ కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోవాలి.

అణు వ్యర్థం అనగానే రియాక్టరే గుర్తొస్తుంది. మన జిల్లాల వాటాకు వచ్చేది గని బురద. మన దేశంలో సాధారణంగా టన్ను ఖనిజం తవ్వితే దక్కే యురేనియం కిలో కూడా ఉండదు. మిగిలిందంతా రసాయనాలతో కలిసి టెయిలింగ్ పాండ్‌కు, అంటే కట్ట వేసిన వ్యర్థాల చెరువుకు చేరుతుంది. ఖనిజంలోని రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం అందులోనే ఉండిపోతుంది. ఆ బురదలోని రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. గని బతికేది మాత్రం కొన్ని దశాబ్దాలు. ఆ తర్వాత కట్టకు కాపలా ఎవరు?

పెద్దగట్టు ఉన్నది నాగార్జునసాగర్ జలాశయం పక్కనే. శుద్ధి కర్మాగారానికి మొదట అనుకున్న మల్లాపురం అక్కంపల్లి రిజర్వాయరుకు దగ్గర. హైదరాబాద్ తాగే కృష్ణా నీళ్లు వెళ్లేది అక్కడి నుంచే. గొడవ పెరిగాక శేరిపల్లి పేరు తెచ్చారు. 2003 ఆగస్టు 19న జరిగిన బహిరంగ విచారణలో ఊళ్ల జనం గట్టిగా వద్దన్నారు. ఆ రోజు మైకు లేకపోతే ఈ సంగతులు ఇంతమందికి తెలిసేవే కావు.

కంటికి కనబడని విషం నీళ్లలో ఉంటే మనిషి ఏమవుతాడో నల్లగొండకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాలకు తరాలు నడుములు వంగిపోయాయి. ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు దేశాలు దాటి పోయింది. గర్వపడాలో ఏడవాలో తెలియని కీర్తి! ఫ్లోరైడ్ రాతిలోంచి దానంతటదే దిగింది. యురేనియం బురద మనం చేజేతులా తవ్వి పోసుకునేది.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ (యూసీఐఎల్) గని చుట్టూ ఊళ్ల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. సంస్థ కాదంటోంది. జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గని దగ్గర 2006 డిసెంబరులో వ్యర్థాల పైపు పగిలి బురద వాగులో కలిసింది. ఇలాంటి అనుభవాలుండగా 'మమ్మల్ని నమ్మండి' అంటే సరిపోదు.

దేశానికి కరెంటు అక్కర్లేదా అంటారు. కావాలి. ఫిన్లాండ్‌కూ కావాలి. వాడిన అణు ఇంధనాన్ని నాలుగు వందల మీటర్ల లోతున రాతిలో పూడ్చడానికి ఆ దేశం 'ఓంకలో' అనే పేరుతో సొరంగాలు తవ్వింది. స్థానిక మున్సిపాలిటీ వద్దంటే ఆ పని ముందుకు సాగకూడదన్నది అక్కడి చట్టం. వాళ్లు ముందు ఊరిని అడిగారు, తర్వాత రాతిని తొలిచారు. మనం అడగడమే దండగ అనుకుంటున్నాం.

అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం 2019 మేలో సూత్రప్రాయంగా పచ్చజెండా ఊపితే, చెంచు పెంటల నుంచి హైదరాబాద్ దాకా నిరసన లేచింది. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. మంచిదే. కానీ తీర్మానం చట్టం కాదు, ఢిల్లీలో దానికి ఉన్న బరువు ఎంతో అందరికీ తెలుసు. అందుకే రాష్ట్ర ప్రభుత్వం 2025 ఉత్తర్వును కోర్టులో సవాలు చేయాలి. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల బావులు, బోర్లలో రేడియోధార్మికత ఇప్పుడు ఎంతుందో కొలిపించి, ఆ లెక్కలను పంచాయతీ గోడల మీద తెలుగులో రాయించాలి. రేపు ఎవరు తవ్వడానికి వచ్చినా వాటినే కొలమానం చేసుకోవచ్చు. వ్యర్థాల ప్రణాళికకు గ్రామసభ ఒప్పుకోనంతవరకు ఒక్క బోరు యంత్రాన్నీ గుట్టెక్కనివ్వకూడదు. 2019లో చేతులెత్తిన ప్రధాన పార్టీలు ఇవాళా సభలోనే ఉన్నాయి. ఉత్తర్వు రద్దు కోరుతూ కేంద్రానికి రాసే లేఖ మీద మొదటి సంతకం ముఖ్యమంత్రిది, రెండోది ప్రతిపక్ష నేతది కావాలి.