వాహకత చెప్పని సంగతి: అయానులు, కేంద్రక త్వచం

లవణ సహనంపై మన విశ్వవిద్యాలయాలలో జరిగే కుండీ ప్రయోగాలలో సాగునీటి నాణ్యతను తరచుగా ఒక్క అంకెతో సరిపెడుతున్నాము. అది విద్యుత్ వాహకత. నీటిలో మొత్తం లవణమెంతో అది చెబుతుంది గాని, ఏ అయాను ఎంత ఉన్నదో చెప్పదు. సికింద్రాబాదు శివారున యాప్రాల్‌లో గ్రానైటు పగుళ్ల నుండి వచ్చే బోరునీరు చాలా ఇళ్లలో కఠినజలమే. మిద్దెతోటల కుండీల అంచులపై తెల్లని పొర కడుతుంది. ఆ కాఠిన్యానికి కారణం కాల్షియం, మెగ్నీషియం. కారుచౌడు నేలల బావినీటిలో సోడియం, బైకార్బొనేటు అధికం. ఈ రెండు నీళ్లూ ఒకే వాహకతను చూపవచ్చు. మొక్క కణానికి మాత్రం అవి ఒకటి కావు.

ఈ భేదం కణపు పైపొర దగ్గరే ఆగిపోతుందని భావించడం మన అలవాటు. సోడియం ఎక్కువైనపుడు పత్తి వేరులోమాల ప్లాస్మా త్వచం నుండి కాల్షియం తొలగిపోతుందని 1985లోనే చూపారు. అంతకంటె లోపలికి వెళ్లి చూసినవారు తక్కువ. కేంద్రక త్వచం రెండు పొరలది. ఆ పొరల మధ్యనున్న ఇరుకైన అవకాశం అంతర్జీవద్రవ్య జాలకంతో కలిసి ఉండి, కాల్షియం నిల్వగా పనిచేస్తుంది. కణద్రవ్యంలో విశ్రాంత స్థితిలో స్వేచ్ఛా కాల్షియం సుమారు 100 నానోమోలార్ మాత్రమే; ఈ నిల్వలో అది ఎన్నో వందల రెట్లు. పొరను చీల్చుకొని వేల అణువుల రాకపోకలకు దారినిచ్చే కేంద్రక రంధ్రాలు ఈ నిల్వకు ఆనుకొనే ఉన్నాయి.

నిల్వ ఖాళీ అయితే రంధ్రాల ఆకృతి మారుతుందా? 1996లో ఆఫ్రికా నీటికప్ప అండకణ కేంద్రకాలపై జరిగిన పరిశీలన మారుతుందని చెప్పింది. 1999లో అదే ప్రయోగశాల చెక్కుచెదరని క్షీరద కణాలలో పరీక్షించగా, రవాణా ఈ నిల్వపై ఆధారపడటం లేదని తేలింది. కనుక ఒక జీవిలో కనబడినదాన్ని మరొక జీవికి అంటగట్టడం తగదు. ఇక మొక్కల విషయం మరీ వేరు. హబ్సిగూడలోని సీసీఎంబీలో వీణా పర్ణైక్ దీర్ఘకాలం అధ్యయనం చేసిన లామిన్ ప్రోటీనులు జంతు కేంద్రక త్వచానికి లోపలి ఊతం. మొక్కలలో లామిన్లు లేవు. 1997లో క్యారెట్‌లో తొలిసారి వర్ణించిన వేరే ప్రోటీనులు ఆ పని చేస్తున్నాయి. హబ్సిగూడ ఫలితాలను రాజేంద్రనగర్ పొలాలకు నేరుగా తీసుకుపోలేము. ఆ పని వ్యవసాయ పరిశోధకులే చేయాలి.

ఆధారాలు లేకపోలేదు. 500 మిల్లీమోలార్ ఉప్పునీటిలో ఉంచిన బార్లీ వేరుకొనల కేంద్రకాలు మొదట వికృతమై, పిదప శిథిలమవుతాయని 1996లో ప్రకటించారు. అంత గాఢత మన పొలాలలో సాధారణం కాదన్నది నిజమే. అంతకు తక్కువ గాఢతలో, కాల్షియం తగినంత ఉన్నపుడు, లేనపుడు కేంద్రకం ఎలా ఉంటుందన్నదే మన ప్రశ్న కావాలి. ఆకును బ్లేడుతో తరిగి కేంద్రకాలను వేరుచేసేవారికి అయానుల విలువ తెలియనిది కాదు. 1983 నాటి గాల్‌బ్రైత్ ద్రావణంలో 45 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడు ఉన్నది కేంద్రకాలు చెదరకుండా ఉండేందుకే. ద్రావణంలో ఇంత జాగ్రత్త చూపే మనము, అదే మొక్కకు పోసిన నీటి కాల్షియం ఎంతో వ్రాయకుండా వదలివేయడం వింతగా ఉన్నది.

రైతుకు కేంద్రక త్వచంతో పనేమిటని అడిగేవారికి పప్పుజాతి పైర్లే సమాధానం. రైజోబియం పంపే సంకేతం అందగానే వేరులోమపు కేంద్రకం చుట్టూ కాల్షియం సుమారు నిమిషానికొకసారి ఎగసి పడుతుంది. అల్ఫాల్ఫాలో 1996లో దీనిని గమనించారు. ఆ స్పందనకు కావలసిన అయాను మార్గాలు కేంద్రక త్వచంలోనే ఉన్నాయి. అవి చెడిన మొక్కలలో బుడిపెలు రావు. వేరుశనగలో బాక్టీరియా వేరులోమం గుండా గాక, పక్కవేర్లు మొలిచే చోటి పగుళ్ల గుండా ప్రవేశిస్తుంది. కనుక అల్ఫాల్ఫా పాఠాన్ని ఇక్కడ అలాగే వల్లించలేము.

వేరుశనగకు ఎకరాకు 200 కిలోల జిప్సం పూత, ఊడల దశలో వేయమని చెబుతున్నాము. అది కాయ నిండటానికి. బుడిపెలు అంతకు ముందే మొదలవుతాయి. సోడియం అధికమైన నీరు పారే మళ్లలో ఆ తొలి వారాలలో వేరు కేంద్రకాలకు కాల్షియం కొరత ఏర్పడుతున్నదా అన్నది తేల్చవలసిన విషయం. దానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఒకే వాహకత గల, సోడియం–కాల్షియం నిష్పత్తులు వేరైన మూడు నాలుగు నీళ్లు, కేంద్రకాలకు రంగు పట్టించి చూసేందుకు ఒక ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శిని, ఇరవై రోజుల మొక్కలు చాలు. ఈలోగా లవణ ప్రయోగాల వ్యాసాలను స్వీకరించే సంపాదకవర్గాలు సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేటు విలువలు లేని వ్యాసాన్ని రచయితకు తిప్పి పంపాలి.